ఇంట్లో నూట ఇరవై, దవాఖానలో నూట డెబ్బై

కామారెడ్డిలో ఒక డాక్టరమ్మను, నిండా జనం ఉన్న దవాఖానలో, అందరూ వింటుండగా దొంగ లెక్కలు చెబుతున్నారని నిలదీశాను. ఆ తర్వాత అరగంటకు అదే దవాఖాన మెట్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని దిగాను. ఆ అరగంటలో నా పరువు ఎట్లా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దాచుకోవచ్చు కదా అంటారేమో. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది మా ఎల్లారెడ్డి వైపు వాళ్లే. నేను చెప్పకపోతే వాళ్లు చెబుతారు, అదీ ఇంకో నాలుగు మాటలు కలిపి. ఇప్పటికే కలిపారు కూడా. నేను డాక్టరమ్మ కుర్చీ లాగేశానని ఒకామె బస్సులో చెబుతుంటే నా చెవులారా విన్నాను. కుర్చీ లాగలేదు. మిగతాదంతా నిజమే.

ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. పొద్దున ఏడింటికి బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేది. మా ఆయన రాజిరెడ్డి వ్యవసాయం చేస్తాడు. నాగిరెడ్డిపేట దగ్గర పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద మాకు వరి పొలం ఉంది. ఆయన తెల్లవారుతూనే బండి మీద పొలానికి పోయి, నీళ్లు చూసుకొని, పదింటికల్లా ఇంటికొచ్చి అన్నం తింటాడు. మామయ్యకు పొలం దగ్గరి కొట్టమే లోకం. కాబట్టి పగలు ఇంట్లో ఉండేది మా అత్తమ్మ ఒక్కతే. డెబ్బై రెండేళ్ల మనిషి. గొంతెత్తితే వీధి చివర ఇంట్లో కుక్క లేచి కూర్చునేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పుట్టు అనుమానం మనిషిని. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఎవరు ఎవరిది చూసి రాశారో కొట్టివేతలను బట్టి పట్టేసేదాన్ని. బస్సులో నా పక్కన కూర్చున్నామె నవ్వితే, ఎందుకు నవ్విందా అని పది కిలోమీటర్లు ఆలోచించేదాన్ని. లెక్కల టీచరుకు అనుమానం ఉండాల్సిందే అని నన్ను నేను మెచ్చుకునేదాన్ని కూడా.

ఒకసారి చుట్టాల పెండ్లిలో మా ఆయనకు కళ్లు తిరిగాయి. ఎండ దెబ్బేమో అనుకున్నాం. కామారెడ్డిలో ఈ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే బీపీ నూట డెబ్బై బై నూట నాలుగు ఉంది. ఆమె ఒక గోలి రాసిచ్చి, నెమ్మదిగా చెప్పింది.

"ఇంట్లో ఒక మిషన్ పెట్టుకోండి. రోజూ ఒకటే టైముకు, జర సేపు నిమ్మళంగా కూసొని చూసుకోమనండి. ఉప్పు తగ్గించండి. నెలకు రండి."

ఉప్పు తగ్గించమంటే నేను ఉప్పు ఎత్తేశాను. మామిడికాయ తొక్కు జాడీని బీరువా మీదికి ఎక్కించాను. అప్పడాలను మా చెల్లెలింటికి సాగనంపాను. పప్పు, కూర, చారు మూడింటికీ ఒకటే రుచి వచ్చింది, అంటే ఏ రుచీ లేకుండా పోయింది. అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని నా ముఖం చూసింది.

"ఏందిది? ఎవరన్న సచ్చిపోయిండ్రా ఇంట్ల?"

"డాక్టరమ్మ చెప్పింది అత్తమ్మా. నీ కొడుకు మంచికే."

"కొడుకు మంచిదే. కూర మంచిగ లేదు."

మిషన్ కొన్నాం. పదింటికి ఆయన పొలం నుంచి వచ్చి, కాసేపు కూర్చొని, చేతికి పట్టీ కట్టుకొని చూసుకోవాలి. వచ్చిన నంబరు ఫొటో తీసి నా ఫోనుకు పంపాలి. స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే నేను ఫోను చూసుకుంటాను. ఇదీ ఏర్పాటు. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, ఆ రోజు మిషన్‌కూ సెలవిచ్చాం. మొదటి ఆరు రోజులు నూట అరవై నాలుగు, నూట అరవై ఎనిమిది, నూట అరవై రెండు, ఇట్లా వచ్చింది. నంబరు వచ్చిన ప్రతిసారీ నేను ఫోను చేసేదాన్ని.

"ఏం తిన్నవ్?"

"నువ్వు వండిందే తిన్న."

"మరి ఎందుకు తగ్గలే?"

"నాకేం ఎరుక?"

"ఎవలింట్లనన్న తొక్కు తిన్నవా?"

"లేదే."

"నిజంగ?"

"పొలంల ఎవలు పెడ్తరే నాకు తొక్కు?"

ఏడో రోజు ఫొటో వచ్చింది. నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు. ఎనిమిదో రోజు నూట ఇరవై రెండు. తొమ్మిదో రోజు నూట ఇరవై. నా సంతోషం ఎంతంటే, ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలకు హోంవర్కు ఇవ్వడం మరిచిపోయాను. గ్రాఫు కాగితం తీసి, పై బీపీని ఎర్ర పెన్నుతో, కింది బీపీని నీలం పెన్నుతో గీసి, స్టాఫు రూములో అందరికీ చూపించాను. ఉప్పు లేని వంట మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. హిందీ టీచరు పాపం ఆ సాయంత్రమే ఇంట్లో తొక్కు బంద్ పెట్టిందట. వాళ్లాయన ఇప్పటికీ నన్ను చూస్తే పలకరించడు.

నంబర్లు బాగున్నాయి కదా అని నేనూ మెత్తబడి, మెల్లగా కూరల్లో ఉప్పు వెయ్యడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక్కరోజు మాత్రం నూట నలభై ఆరు వచ్చింది. వెంటనే ఫోను చేశాను.

"ఏమైంది ఇయ్యాల?"

"ఏం గాలే. అవ్వ కూరగాయలామెతోని లొల్లి పెట్టుకున్నది."

"అత్తమ్మ లొల్లి పెట్టుకుంటే నీకెందుకు పెరిగింది?"

అవతల రెండుసార్లు దగ్గాడు.

"కొడుకును కదనే" అన్నాడు.

నా కళ్లు చెమర్చాయి. తల్లంటే ఇంత ప్రాణమా ఈ మనిషికి అనుకున్నాను. పేపర్లలో కాపీలు పట్టే నా బుర్ర ఆ రోజు ఏ అరుగు మీద కూర్చొని విసనకర్ర విసురుకుంటోందో నాకు తెలియదు.

నెల తిరిగాక దవాఖానకు పోయాం. అక్కడి నర్సు పట్టీ కట్టి చూసింది. నూట డెబ్బై రెండు. నేను నోట్‌బుక్కు తీసి ఇంటి నంబర్లు చదివి వినిపించాను. డాక్టరమ్మ ఆలోచించి, ఇంకో నెల చూద్దామంది. ఆ నెలా ఇంట్లో నూట ఇరవయ్యే, దవాఖానలో నూట అరవై ఎనిమిది. అప్పుడామె ఇంకో గోలి కలిపి రాస్తూ చెప్పింది.

"కొందరికి దవాఖానకు వస్తేనే పెరుగుతది. ఇంట్లో మంచిగ ఉంటది. గట్ల కూడా అయి ఉండొచ్చు. కానీ ఇంత తేడా ఎందుకో తెలుసుకోవాలె. అప్పటిదాక ఈ గోలీలు ఆపకండి. పైసారి మీ మిషన్ తీసుకొని రండి, మా దాని పక్కన పెట్టి చూద్దాం."

మంచి మాట. నాలాంటి మనిషి కాకుండా ఇంకెవరు విన్నా మంచి మాటగానే వినేవాళ్లు. నాకు మాత్రం దొంగ దొరికిపోయే ముందు తడబడినట్టు వినిపించింది. తిరుగు బస్సులో అనుమానాల జాబితా తయారైంది. దవాఖాన మొదటి అంతస్తులో ఎందుకుంది? మెట్లెక్కితే బీపీ పెరగాలనే. నర్సు పట్టీ కడుతూ వరి నాట్లు అయ్యాయా అని ఎందుకడిగింది? రైతుకు నాట్ల మాటెత్తితే ఎవరికైనా పెరుగుతుంది. కింద మందుల షాపు ఎందుకుంది? దీనికి జవాబే అక్కర్లేదు. ఇక ఆ మిషన్‌లోనే ఏదో కిటుకు ఉండి ఉంటుంది.

"ఆ కొత్త గోలి వేస్కోకు" అన్నాను మా ఆయనతో.

"డాక్టరమ్మ ఆపొద్దని చెప్పింది కదనే."

"ఇంట్ల నూట ఇరవై ఉన్నోడికి రెండు గోలీలు ఎందుకు? డాక్టరమ్మకు నీ మీద ప్రేమనా, కింద షాపు మీద పావురమా?"

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసుకొని కిటికీలోంచి బయటికి చూశాడు. నా వాదన అంత గట్టిగా తగిలిందని నేను మురిసిపోయాను. ఇంటికొచ్చి ఆ గోలీలను నా బట్టల అడుగున పెట్టి బీరువాకు తాళం వేశాను. ఆ నెలలో రెండుమూడుసార్లు తల నొస్తోందన్నాడు. ఎండకు రుమాలు కట్టుకోమన్నాను.

ఆ నెల తిరిగాక ఒక శనివారం బయలుదేరాం. నా బ్యాగులో మా మిషన్, నోట్‌బుక్కు, నాలుగు మడతలు పెట్టిన గ్రాఫు. బస్సు దిగి దవాఖాన చేరాక ఆయనను నేరుగా పైకి పోనివ్వలేదు. కింద నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ఒక్కో మెట్టు మీద ఆపుతూ పెండ్లికూతుర్ని మంటపానికి తెచ్చినట్టు ఎక్కించాను.

"ఎందుకే ఈ పరేశాన్? చూపించుకొని పోదాం" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడితే పెరుగుతది."

పైన హాలు నిండా జనం. మా పేరు రావడానికి చాలాసేపు ఉంది. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. నోట్‌బుక్కు తీసి, లోపలినుంచి బయటికి వచ్చిన ప్రతివాళ్లనూ మీకెంత వచ్చిందని అడిగి రాసుకున్నాను. నూట యాభై, నూట అరవై, నూట నలభై ఎనిమిది, నూట ఎనభై. ఒక్కరికీ మామూలుగా లేదు. ఆ వరుస కింద రెండు గీతలు గీశాను. బీపీ డాక్టరు దగ్గరికి బీపీ ఉన్నవాళ్లే వస్తారన్న సంగతి తట్టలేదు. నా పక్కన నాగిరెడ్డిపేట నుంచి వచ్చిన పెద్దాయన రుమాలు చుట్టుకొని కూర్చున్నాడు. ఆయననూ కదిపాను.

"పెద్దయ్యా, మీ ఇంట్ల చూసుకుంటే ఎంతొస్తుంది?"

"మా ఇంట్ల మిషన్ యాడిది బిడ్డ? రెండు బర్రెలున్నయి."

"ఇక్కడ ఎక్కువ చేసి చెప్తున్నరని నాకు అనుమానం."

ఆయన చుట్టూ చూసి, నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కువ చేస్తే వాళ్లకేమొస్తది?"

"అదే తేలుస్త ఇయ్యాల."

అప్పటికి హాల్లో నలుగురైదుగురు నా నోట్‌బుక్కు చుట్టూ చేరారు. ఒకామె తన చీటీ నాకిచ్చి, అది నిజమో కాదో చూడమంది. నేను కూడా కళ్లద్దాలు సవరించుకొని చూశాను. ఆ నిమిషానికి అక్కడ నాకున్న గౌరవం డాక్టరమ్మకు కూడా లేదు.

మమ్మల్ని పిలిచారు. నేను కావాలనే గది తలుపు తెరిచి ఉంచాను, బయటివాళ్లకు వినపడాలి కదా. నర్సు పట్టీ కట్టింది. మిషన్ గుర్రుమంది. నూట డెబ్బై నాలుగు బై నూట ఆరు.

నేను లేచి నిలబడ్డాను.

"మేడం, మీరేమనుకోకున్నా సరే. మూడు నెలల సంది మా ఇంట్ల నూట ఇరవై చుట్టే ఉంటుంది. ఇక్కడికొస్తే నూట డెబ్బై అయితుంది. బయట అందరికీ ఎక్కువనే చెప్తున్నరు. ఇది ఏం లెక్క? నేను లెక్కల టీచర్ను. నాకు సమజ్ చేయండి."

హాల్లోంచి నలుగురు లేచి తలుపు దగ్గరికి వచ్చారు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆమె ముఖంలో కోపం కనిపించలేదు. అది నాకు ఇంకా అనుమానం కలిగించింది.

"మీ మిషన్ తెచ్చిండ్రా?" అంది.

తెచ్చానని గర్వంగా బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయనను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, అదే చేతికి మా పట్టీ కట్టింది. నూట డెబ్బై రెండు బై నూట నాలుగు. మూడు నెలలు మా ఇంటి ఉప్పు తిన్న మిషన్, బ్యాగులోంచి బయటికొచ్చి ఐదు నిమిషాలు కాకముందే వాళ్ల పార్టీలో చేరిపోయింది.

"అయితే మిమ్మల్ని చూస్తేనే పెరుగుతుంది" అన్నాను, పట్టు వదలకుండా. "మీరే చెప్పిండ్రు కదా గట్ల అయితదని."

"కావచ్చు. రోజూ ఫొటో పంపుతడన్నరు కదా, ఒకసారి చూపించండి."

ఫోను ఇచ్చాను. ఆమె ఒక్కో ఫొటో జరుపుతూ పోయింది. నేను గ్రాఫు విప్పి ఆమె ముందు పరిచాను. ఆమె గ్రాఫు వైపు చూడలేదు. ఒక ఫొటో దగ్గర ఆగి, రెండు వేళ్లతో పెద్దది చేసి, ఇంకొంచెం పెద్దది చేసి, నర్సుకు చూపించింది. నర్సు పెదవి కొరుక్కొని గోడ వైపు తిరిగింది.

"గాజులు బాగున్నయి. ఎవరివి?" అంది డాక్టరమ్మ.

నాకు అర్థం కాలేదు. ఫోను నా వైపు తిప్పింది. బల్ల మీద మిషన్, దాని మీద నూట ఇరవై బై డెబ్బై ఎనిమిది. నేను మూడు నెలలు చూసింది అంతే. ఇప్పుడు ఆ నంబరు పక్కన, ఫొటో మూలకు, ఒక మణికట్టు. దానికి రెండు ఆకుపచ్చ మట్టి గాజులు. తర్వాతి ఫొటోలో గాజు ఒకటే కనిపించింది. ఆ తర్వాతి దాంట్లో మళ్లీ రెండు.

నేను మా ఆయన వైపు తిరిగాను. నేను పొద్దున ఏడింటికి ఇల్లు వదిలితే, పదింటికి మా ఇంట్లో, మా కుర్చీలో, ఒక ఆడమనిషి వచ్చి కూర్చొని చెయ్యి చాపుతోంది. రోజూ. డాక్టరమ్మ మీద రెండు నెలలుగా పోగుచేసిన అనుమానమంతా ఒక్క క్షణంలో అటునుంచి ఇటు దూకింది.

"ఎవలది ఆ చెయ్యి?"

"చెప్తనే. జర కూసొ."

"ఎవలది?"

"అవ్వది" అన్నాడు, నేల చూస్తూ.

నమ్మితే నేను నేనెట్లా అవుతాను? ఆయన జేబులోంచి ఫోను లాక్కొని ఇంటికి కలిపాను. సాక్ష్యం నలుగురూ వినాలి కాబట్టి స్పీకరు నొక్కాను. అత్తమ్మ ఎత్తింది. కొడుకు ఫోను కాబట్టి కొడుకే అనుకుంది. ఆమె గొంతు సంగతి ముందే చెప్పాను. హాలు చివర కూర్చున్నవాళ్లకు కూడా స్పష్టంగా వినిపించింది.

"ఏం బిడ్డా, చేరిండ్రా? ఇయ్యాల నా చెయ్యి అడగకపోతివి. పెండ్లాం పక్కకే ఉన్నదని ఊకున్నవా? జర పైలం. ఆమెకు ఎరుకయిందంటే మల్ల ఉప్పు బంద్ పెడ్తది. బీరువ మీది జాడిల తొక్కు కూడ అయిపోవచ్చె, వచ్చేటప్పుడు మామిడికాయలు తే."

నేను ఫోను ఆపాను. తర్వాత తలుపు దగ్గరి నుంచి నాగిరెడ్డిపేట పెద్దాయన గొంతు వినిపించింది.

"ముసలామెది మంచి ఒళ్లు. నూట ఇరవై ఉన్నదంటే మాటలా?"

ఇక హాలంతా ఒకటే నవ్వు. నర్సు గోడకు ఆనుకొని నవ్వుతోంది. చీటీ నాకిచ్చిన ఆమె లోపలికొచ్చి, మారు మాట్లాడకుండా తన చీటీ తీసుకొని పోయింది.

డాక్టరమ్మ లేచి తలుపు మూసింది. మళ్లీ కూర్చొని మా ఆయనను అడిగింది.

"కొత్త గోలి వేసుకుంటున్నవా?"

ఆయన నా వైపు చూడలేదు. నన్ను కాపాడుదామనే అనుకుంటా, "మరిచిపోయిన మేడం" అన్నాడు.

"నేనే ఆపిచ్చిన" అన్నాను.

ఆమె పాత చీటీ మీది తేదీ చూసింది. "ఒక నెలంతా నూట డెబ్బైతోని ఎండల పని చేసిండు. తల నొచ్చిందా?"

"నొచ్చింది" అన్నాడు.

"పొలంల పడిపోతే? ఏ కాలో చెయ్యో పడిపోతే?"

ఆ మాట ఆమె నెమ్మదిగానే అంది. బీరువాలో నా చీరల కింద తాళం వేసి ఉన్న గోలీలు కళ్లముందు కదిలాయి. ఎండకు రుమాలు కట్టుకోమన్నది నేనే కదా. అప్పటిదాకా పోయిన పరువు గురించి బాధపడుతున్నదాన్ని, ఆ ఒక్క నిమిషం పరువు సంగతే మరిచిపోయాను.

"ఎందుకు చేసినవయ్యా గిట్ల?" అన్నాను.

"నాకు చూస్తే నూట అరవై కనబడ్తది. అది చూసినంక భయమైతది. నువ్వు ఫోన్ చేస్తవు, ఇంక భయమైతది. ఒకనాడు ఊకెనే అవ్వకు పెట్టి చూసిన. నూట పద్దెనిమిది వచ్చింది. ఎంత నిమ్మళమనిపించిందో. నువ్వు కూడ ఆ దినం తిట్టకపోతివి. ఇగ గట్లనే నడిచింది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి చీటీ రాయడం మొదలుపెట్టింది. రెండు గోలీలూ వేసుకోవాలని, ఉప్పు మితంగా వేయాలని, నంబరు ఎంత వచ్చినా ఇంట్లో ఎవరూ తిట్టకూడదని చెప్పింది. చివరి మాట నన్ను చూసి చెప్పింది. తర్వాత కుర్చీ చూపించి, మీరు కూసోండి, చెయ్యి ఇవ్వండి అంది.

"నాకెందుకు మేడం? నాకేం లేదు."

నర్సు అప్పటికే పట్టీ కట్టేసింది. నూట ఎనభై రెండు బై నూట పది. గదిలో అందరికంటే నాదే ఎక్కువ.

"ఇప్పుడు కోపం మీద ఉన్నరు, ఈ ఒక్క నంబరు చూసి ఏం చెప్పలేం" అంది డాక్టరమ్మ. "ఇంట్లో వారం రోజులు చూసుకొని రండి."

పొద్దటినుంచి గొంతెత్తని మా ఆయన అప్పుడు మెల్లగా అన్నాడు.

"అవ్వను అడుగుదం తియ్యి. రెండో చెయ్యి ఖాళీనే ఉన్నది."

వారం రోజులు చూసుకున్నాను, నా చెయ్యే పెట్టుకొని. నాకూ బీపీ ఉన్నట్టే తేలింది. ఇప్పుడు ఇద్దరమూ గోలీలు వేసుకుంటాం. మా ఆయనది దవాఖానలోనూ ఇంట్లోనూ నూట ముప్పైకి అటూ ఇటూగా, ఒకే మాట మీద ఉంటోంది. కొడుకు తల నొచ్చిన సంగతి విన్నాక అత్తమ్మ తనే జాడీకి గుడ్డ కట్టి పక్కింట్లో ఇచ్చి వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదనుకోండి.

చివరగా, ఆనాడు హాల్లో ఉన్నవాళ్లూ, బస్సులో కుర్చీ కథ చెప్పినామె, హిందీ టీచరు భర్తా సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరమ్మనూ నిలదీయను. రాసిచ్చిన ఏ గోలీనీ నా అంతట నేను ఆపను. ఏ దవాఖానలోనూ నోట్‌బుక్కు తెరవను. అనుమానించడం మాత్రం పూర్తిగా మానలేను, అది నా వల్ల అయ్యే పని కాదు. కాకపోతే అంత దూరం బస్సెక్కి పోయి అనుమానించను. ముందు మా ఇంట్లోంచే మొదలుపెడతాను.